అడవిలో నెయ్యి చెట్టు

వరంగల్ మామిడి మార్కెట్ నుంచి తాడ్వాయి అడవి దాకా... పండ్లలో దాగిన కొవ్వును వెతుక్కుంటూ ఒక్క రోజు ప్రయాణం.

'పండ్లు తినండి, కొవ్వు తగ్గుతుంది' అని డాక్టర్లు చెబుతారు. నిజమే. అరటి, జామ, బత్తాయి, సీతాఫలం... మనం రోజూ తినే పండ్ల గుజ్జులో కొవ్వు నూటికి ఒక పాలు కూడా ఉండదు. వేసవంతా జుర్రుకునే మామిడి గుజ్జులో అయితే అర శాతం లోపే! వెన్నపండు అని పిలుచుకునే అవకాడో లాంటివి ఒకటి రెండు తప్పిస్తే, కొవ్వుకీ పండుకీ చుట్టరికమే లేదనిపిస్తుంది.

కానీ వరంగల్ నుంచి ములుగు దారి పట్టి, నూరు కిలోమీటర్లు వెళ్లి వస్తే ఆ మాట మార్చుకోవాల్సి వస్తుంది. చెట్టు మీద కాసిన కాయలోంచి వంటనూనె, చలికాలంలో నెయ్యిలా పేరుకునే నూనె, పిండుకుని బతికిన ఊళ్లు ఆ దారిలో ఉన్నాయి. మృగశిర కార్తెకు ముందు ఒక ఆదివారం... తొలి జల్లు పడిన మర్నాడు బయల్దేరాం. ఎందుకంటే ఆ పండు చూడాలంటే ఏడాదిలో ఆ నాలుగు వారాలే అదను.

వాసనకీ కొవ్వే కారణం!

తెల్లవారుజామున వరంగల్ మామిడి మార్కెట్‌కి వెళితే కళ్ల కన్నా ముక్కుకే ఎక్కువ పని. గడ్డి పరిచిన కుప్పల్లో బంగినపల్లి కాయలు. చివరి కోత కాబట్టి కొన్ని అప్పటికే చెట్టు మీదే రంగు తిరిగాయి. వేలంపాట ఒకవైపు, పెట్టెలకెత్తేవాళ్ల హడావిడి మరోవైపు. ఉత్తరాదికి పోయే లారీలు వరస కట్టి ఉన్నాయి. మార్కెట్ గేటుకి ఇంకా కొంత దూరం ఉండగానే మామిడి వాసన ఎదురొచ్చి పలకరిస్తుంది.

ఆ వాసన ఎక్కణ్నుంచి వస్తుంది? చక్కెర నుంచి అనుకుంటాం. చక్కెరకు తీపే తప్ప వాసన లేదు. పండు వాసనలో కొంత భాగం ఆ అర శాతం కొవ్వు చలవే! మన ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 1970ల్లో ఈ సంగతి మీద పనిచేశారు. కాయ మాగుతున్నకొద్దీ గుజ్జులో కొవ్వు పెరుగుతుందనీ, ఆ కొవ్వులో పామిటిక్, పామిటోలియిక్ అనే రెండు ఆమ్లాల పాళ్లు పండు వాసనను పట్టిస్తాయనీ గుర్తించారు. పామిటోలియిక్ పాలు పామిటిక్‌ను మించితే ఆల్ఫాన్సోలా ఘుమఘుమ. తగ్గితే వాసన మెత్తబడుతుంది. కొవ్వు ఆమ్లాలు విరిగి లాక్టోన్లు అనే సువాసన పదార్థాలు తయారవుతాయి. కొబ్బరిలో, పీచ్ పండులో కమ్మగా తగిలేది కూడా ఈ లాక్టోన్లే.

అంటే తినడానికి లెక్కలోకి రానంత కొవ్వు, మూర కొలతన మార్కెట్ దాకా మనల్ని లాక్కొచ్చిందన్నమాట.

ముందు చీపురు పుల్లల సంగతి...

ఈ 'కొవ్వు ఆమ్లాలు' అనే మాట నూనె ప్యాకెట్ల మీద చదివి వదిలేస్తుంటాం. ఇంట్లో చీపురు ఉంటే చాలు, సులువుగా అర్థమవుతుంది. కొవ్వు ఆమ్లమంటే కర్బన పరమాణువుల గొలుసు. పామిటిక్‌లో 16, స్టియరిక్‌లో 18 పరమాణువులు. రెండూ నిటారు పుల్లలు. నిటారు పుల్లలను కట్టగడితే బిగుతుగా ఒదిగిపోతాయి. అందుకే అవి ఎక్కువున్న కొవ్వు గడ్డకడుతుంది. వీటినే సంతృప్త కొవ్వులంటారు. ఓలియిక్‌లోనూ 18 పరమాణువులే కానీ మధ్యలో ఒక వంపు ఉంటుంది. లినోలియిక్‌లో రెండు వంపులు. వంకర పుల్లలు కట్టకు ఒదగవు, జారిపోతుంటాయి. అవి ఎక్కువుంటే అది నూనె. ఇవి అసంతృప్త కొవ్వులు.

కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. 12 పరమాణువుల పొట్టి నిటారు పుల్ల. అందుకే చలికి సీసాలో గడ్డకట్టి, ఎండలో పెడితే ఇట్టే కరుగుతుంది. నువ్వుల నూనెలో వంకర పుల్లలే ఎక్కువ. మామూలు చలికి గడ్డకట్టదు.

ఈ లెక్క చేతిలో పెట్టుకుని చూస్తే ఏ కాయలో ఏముందో తెలిసిపోతుంది.

టెంకలో చాక్లెట్

మార్కెట్ బయట రసం బండి పక్కన టెంకల గుట్ట. ఈగలు ముసురుతున్నాయి. మునిసిపాలిటీ బండి వచ్చి ఎత్తుకుపోయే చెత్త అది. కానీ మామిడిలో అసలు కొవ్వు ఉన్నది గుజ్జులో కాదు, ఈ టెంకలోని జీడిలో!

ఎండిన జీడిలో రకాన్ని బట్టి వందకు 7 నుంచి 15 పాళ్ల దాకా కొవ్వు ఉంటుంది. అందులో స్టియరిక్, ఓలియిక్ ఆమ్లాలు రెండూ కలిపితే నాలుగింట మూడు వంతులకు పైనే. ఇంచుమించు ఇదే పొత్తు కోకో వెన్నలోనూ ఉంటుంది. బయట గట్టిగా ఉండి, నోట్లో వేసుకోగానే కరిగే గుణం ఆ పొత్తు వల్లే వస్తుంది. అందుకే మామిడి జీడి కొవ్వును చాక్లెట్‌లో వాడతారు. ఐరోపా సంఘం 2000లో చేసిన చాక్లెట్ నిబంధనల్లో కోకో వెన్నతోపాటు 5 శాతం దాకా కలుపుకోవడానికి ఆరు రకాల చెట్ల కొవ్వులకే అనుమతి ఇచ్చింది. ఆ ఆరింటిలో మన మామిడి జీడి ఒకటి, మన సాల వృక్షం గింజ ఇంకొకటి.

మన దేశంలో ఏటా 2 కోట్ల టన్నులకు పైగా మామిడి పండుతుంది. పండు బరువులో టెంక తక్కువలో తక్కువ పదో వంతు. అంటే 20 లక్షల టన్నుల టెంకలు! గుజ్జు ఫ్యాక్టరీలున్న చోట ఒకేచోట పోగుపడే టెంకలకు ఎంతో కొంత గిరాకీ ఉంది కానీ, ఇళ్లలో మనం చీకి పారేసేవన్నీ మట్టిపాలే.

తూర్పు కనుమల గిరిజన గూడేల్లో మాత్రం టెంక ఎప్పుడూ చెత్త కాదు. జీడిని ఎండబెట్టి, వగరు పోయేదాకా నానబెట్టి, పిండి చేసి వానాకాలం అంబలి కాచుకుంటారు. ధాన్యం అయిపోయిన రోజుల్లో అదే ఆధారం. నిల్వ చెడి బూజు పట్టిన పిండి ప్రాణాలు తీసిన విషాదాలూ ఉన్నాయి. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో జరిగింది అదే. ఒకరికి చాక్లెట్, ఒకరికి ఆకలి తీర్చే ఆఖరి ముద్ద... ఒకే టెంక!

గట్టమ్మ దాటితే అడవే

హన్మకొండలో ఏటూరునాగారం బస్సెక్కాం. ఆత్మకూరు, మల్లంపల్లి దాటాక ములుగు ముందు గట్టమ్మ తల్లి గుడి. మేడారం వెళ్లే భక్తులు ముందుగా ఇక్కడ మొక్కి కదలడం ఆనవాయితీ. డ్రైవర్ కూడా హారన్ కొట్టి దండం పెట్టుకున్నాడు. ఇక్కణ్నుంచి రెండు పక్కలా గుట్టలు దగ్గరవుతాయి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్‌రోడ్డు. అక్కడ పక్కదారి పడితే పాలంపేట. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కించుకున్నది, అక్కడే. ఈసారి మా దారి అది కాదు. గోవిందరావుపేట, పస్రా మీదుగా నేరుగా తాడ్వాయి.

ఒకప్పుడు ఇదంతా వరంగల్ జిల్లానే. 2016లో జయశంకర్ భూపాలపల్లిలో కలిసి, 2019 ఫిబ్రవరిలో ములుగు ప్రత్యేక జిల్లా అయింది. పటంలో గీతలు మారినా బంధం మారలేదు. పెద్దాసుపత్రికైనా, పెద్ద చదువుకైనా, పెళ్లి బట్టలకైనా ఇక్కడివాళ్లు ఇప్పటికీ 'ఓరుగల్లు పోతున్నం' అనే అంటారు.

పస్రా దగ్గర బస్సు ఆగింది. టీకొట్టు ముందు ఒకామె చిన్న తక్కెడ పెట్టుకుని కూర్చుంది. చేటలో నల్లటి గుండ్రటి గింజలు. మొర్రి గింజలు! ఏప్రిల్, మే నెలల్లో ఈ దారి పొడవునా మోదుగాకు దొప్పల్లో మొర్రి పండ్లు అమ్ముతారు. నల్లగా, చిట్టిగా, తీపీ పులుపూ కలిసిన పండు. తిన్నాక పిల్లలు ఉమ్మేసే ఆ గట్టి గింజను పగలగొడితే లోపల ఉండేదే సారపప్పు. రంజాన్ పండక్కి షీర్ ఖుర్మాలో పడేది, మిఠాయిల మీద చల్లేది అదే.

సారపప్పులో సగానికి పైగా కొవ్వు. అందులో సగం దాటి ఓలియిక్, మూడో వంతు దాకా పామిటిక్. ఒక వంపు పుల్లలూ, నిటారు పుల్లలూ కలగలిసిన ఈ పొత్తు వల్లే నమిలితే బాదంలా కమ్మగా, వెన్నలా మెత్తగా ఉంటుంది. 'పప్పు తీసి అమ్మితే ఎక్కువ ధర వస్తది గదమ్మా' అంటే ఆమె నవ్వి, తిరగలి తిప్పినట్టు చెయ్యి తిప్పి చూపించింది. గింజలు నానబెట్టాలి, రుద్దాలి, ఎండబెట్టాలి, పప్పు నలగకుండా తిరగలిలో పగలగొట్టాలి. 'పొద్దంతా జేస్తే గింతంత' అని దోసిలి పట్టింది. అందుకే చాలామంది గింజలుగానే అమ్మేస్తారు. ఎవరికంటే ముందు వాళ్లు తెంపాలన్న పోటీలో కాయ పండకముందే కొమ్మలు నరకడం కూడా పెరిగింది. నరికిన కొమ్మ మరుసటేడు కాయదు కదా!

సపోటాకు చుట్టం ఈ ఇప్ప

తాడ్వాయి దాటి లోపలికి రెండు కిలోమీటర్లు నడిచాం. పోడు చేను గట్టున ఒంటరిగా ఓ పెద్ద చెట్టు. ఇద్దరు చేతులు చాపితే గానీ అందని మాను. దాని కింద బుట్టలు పెట్టుకుని ఒక అవ్వ, ఆమె మనవరాలు కాయలు ఏరుతున్నారు. మేం వెతుక్కుంటూ వచ్చిన చెట్టు అదే. ఇప్ప!

ఇప్పపువ్వు అనగానే అందరికీ సారా గుర్తొస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే రాలే ఆ పూలలో నిండా చక్కెరే. ఎండబెట్టి దాచుకుంటారు, వండుకుంటారు. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు లడ్డూలు చేసి అమ్ముతున్నారు కూడా. కానీ పువ్వు తర్వాత వచ్చే కాయ గురించి బయటివాళ్లకు తెలిసింది తక్కువ. జూన్ మొదలుకుని జులై దాకా కాయ పండుతుంది. నిమ్మకాయంత, ఆకుపచ్చ నుంచి పసుపులోకి తిరుగుతూ ఉంటుంది. గిల్లితే పాలు కారతాయి. సపోటా గుర్తొచ్చిందా? రావాల్సిందే. వృక్షశాస్త్రం ప్రకారం ఇప్ప, సపోటా ఒకే కుటుంబం. సపోటా గింజలాగే ఇప్పగింజ కూడా గోధుమ రంగులో నిగనిగలాడుతుంది. రాత్రిపూట గబ్బిలాలు పండు తిని గింజను చెట్టు కింద వదిలేస్తాయి. తెల్లారి మనుషులు వచ్చి ఏరుకుంటారు. పండు వాటికి, గింజ వీళ్లకు.

పైపెంకు తీస్తే లోపల రెండు బద్దల పప్పు. అవ్వ ఒకటి ఒలిచి నా అరచేతిలో పెట్టి, గోరుతో నొక్కమంది. నొక్కగానే చెయ్యంతా జిడ్డు! ఎండిన ఇప్ప పప్పులో సగం బరువు కొవ్వే. అందులో ఓలియిక్ 40 శాతం పైన. పామిటిక్, స్టియరిక్ చెరో 20 శాతానికి అటూ ఇటూ. మిగిలింది చాలావరకు లినోలియిక్. చెట్టునీ నేలనీ బట్టి ఈ పాళ్లు కొంత మారుతుంటాయి. అంటే సగం దాకా నిటారు పుల్లలు, సగం వంకర పుల్లలు. అందుకే ఎండాకాలం నూనెలా పారుతుంది, చలికాలం నెయ్యిలా పేరుకుంటుంది. చెట్టు నుంచి దిగిన నెయ్యి అన్నమాట. దక్షిణాదిలో ఎన్నో గుళ్లలో తరతరాలుగా దీపాలు వెలిగించిందీ, పుండ్లకూ కీళ్లనొప్పులకూ రాసుకున్నదీ, అడవి ఊళ్లలో కూర తాలింపుకు వాడిందీ ఈ నూనే.

ఇంకో విచిత్రం. ఐరోపా చాక్లెట్ నిబంధనల్లోని ఆరు కొవ్వుల జాబితాలో 'ఇల్లిపె' అనే పేరుంది. ఇప్పను తమిళంలో ఇలుప్పై అంటారు. ఆ పేరు ఓడలెక్కి పోయి, చివరికి బోర్నియో అడవుల్లోని వేరే చెట్టు గింజకు స్థిరపడింది. మన చెట్టు పేరు చాక్లెట్ దాకా వెళ్లింది కానీ, మన చెట్టు మాత్రం వెళ్లలేదు!

అమ్మిందీ కొవ్వే, కొన్నదీ కొవ్వే

'అవ్వా, నూనె ఇంట్లనే తీస్తరా?' అని అడిగితే ఆమె గింజలు ఏరడం ఆపి మా వైపు చూసింది.

'మా అత్త తీసేది బిడ్డా. గింజలు ఎండబెట్టి, దంచి, ఆవిరి పట్టి, బుట్టల బోసి రెండు మొద్దుల నడుమ పెట్టి నొక్కేది. ఇంటికి ఏడాదికి సరిపోయేది. ఇప్పుడు ఎవలు తీస్తున్నరు! గింజలు అమ్ముకుంటున్నం, ప్యాకెట్లు తెచ్చుకుంటున్నం.'

ఆ ప్యాకెట్ ఏమిటో చూడాలనిపించింది. ఊళ్లోని కిరాణా కొట్టులో వేలాడుతున్నది పామాయిల్. అందులో పామిటిక్ 40 శాతానికి దగ్గర, ఓలియిక్ కూడా అంతే, లినోలియిక్ 10 శాతం. ఒక్కసారి అవ్వ అరచేతిలోని గింజతో పోల్చి చూడండి. దాదాపు అవే పాళ్లు! తేడా ఒక్కటే. ఇప్పలోని నిటారు పుల్లల్లో సగం దాకా స్టియరిక్. రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పామిటిక్ పెంచినంతగా స్టియరిక్ పెంచదని పోషకాహార పరిశోధనలు చెబుతున్నాయి. అలాగని ఇప్పనూనె మందేమీ కాదు. సంతృప్త కొవ్వు అందులోనూ తక్కువ కాదు. గుండెజబ్బు ఉన్నవాళ్లు అదైనా ఇదైనా కొలతలోనే వాడాలి. అసలు సంగతి ఆరోగ్యం కాదు. అడవిలో ఏరిన కొవ్వును అమ్మి, సముద్రాలు దాటొచ్చిన అలాంటి కొవ్వునే కొనుక్కోవడం!

పోనీ లాభమా, నష్టమా? లెక్క వేసి చూశాం. వంద కిలోల గింజల్లో పెంకు పోగా పప్పు 70 కిలోలు. అందులో సగం కొవ్వు. కాగితం మీద 35 కిలోలు, మొద్దుల మధ్య నొక్కితే అంత రాదు. అంటే కిలో నూనెకు నాలుగు కిలోల గింజలు అనుకోవచ్చు. 2020లో కేంద్రం ఇప్పగింజలకు ప్రకటించిన మద్దతు ధర కిలోకి 29 రూపాయలు. ఆ ధర చేతికందితే నాలుగు కిలోలకు 116. నూనె ప్యాకెట్ ధర కూడా వంద రూపాయలు దాటింది. చూశారా, రెండూ దగ్గర దగ్గరే. పైగా దంచే పని, నొక్కే పని తప్పుతుంది. అవ్వ ఇంటి కోడలు తెలివితక్కువదేం కాదు. తన నడుము నొప్పి కూడా లెక్కలో వేసుకునే గింజలు అమ్ముతోంది. గిరిజన సహకార సంస్థ కొనుగోలు కేంద్రం దగ్గరుంటే మద్దతు ధర. లేకపోతే సంతలో వర్తకుడు చెప్పిందే ధర.

మరి పోయిందేమిటి? గింజ నుంచి నూనె దాకా తెలిసిన పని. అవ్వ అత్తకు వచ్చు, అవ్వ చూసింది, కోడలు వినింది. మనవరాలికి ఆ మొద్దులు ఎలా ఉంటాయో కూడా తెలియదు. ఆ పాప ఇప్ప పప్పు చిదిమి చేతికి రాసుకుని 'క్రీము' అంది, అంతే.

ఆ చిన్నమాటలోనే పెద్ద వ్యాపారం ఉంది. పశ్చిమాఫ్రికాలో షియా అనే చెట్టు ఉంది. అదీ ఈ సపోటా కుటుంబమే. దాని గింజ కొవ్వులోనూ స్టియరిక్, ఓలియిక్‌లే ప్రధానం. ఘనా, బుర్కినా ఫాసో దేశాల్లో పల్లె ఆడవాళ్లు అడవిలో గింజలు ఏరి, వేయించి, దంచి, చిలికి వెన్న తీస్తారు. ఆ వెన్న ఇవాళ ప్రపంచమంతా ముఖానికి రాసుకునే క్రీముల్లో, చాక్లెట్లలో ఉంది. అక్కడి మహిళా సంఘాలు వెన్నను తయారు చేసి నేరుగా అమ్ముకోవడం నేర్చాయి. ఇప్పకూ ఆ గుణాలే ఉన్నాయి. లేనిది మధ్యలో ఒక మంచి గానుగ, శుభ్రంగా వడకట్టే ఏర్పాటు, కొనేవాడు.

గానుగలో మిగిలే ఇప్పచెక్క సంగతీ చెప్పుకోవాలి. అందులో సపోనిన్లు అనే చేదు పదార్థం ఉంటుంది. నీళ్లలో కలిపితే నురగ వస్తుంది, చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. అందుకే పశువులకు పెట్టరు. కానీ కొత్తగా చేపపిల్లలను వదిలే ముందు చెరువులోని పనికిరాని చేపలను తొలగించడానికి ఇదే వాడతారు. కొన్నాళ్లకు విషం విరిగిపోయి ఎరువుగా మారుతుంది. పారేసేదేమీ లేదు!

ఒకే పండు... రెండు నూనెలు

తిరిగొచ్చే దారిలో ఇంకో కొత్త తోట కనిపించింది. వరి మడుల మధ్య బారులు తీరిన ఆయిల్‌పామ్ మొక్కలు. 2021 ఆగస్టులో కేంద్రం వంటనూనెలు, ఆయిల్‌పామ్ జాతీయ మిషన్ ప్రకటించాక తెలంగాణలో ఈ సాగు ఊపందుకుంది. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే కాబట్టి ఆ తొందరకు కారణం ఉంది.

ఈ పండు నిజంగానే అద్భుతం. ఎర్రటి గుజ్జులో ఒక నూనె, లోపలి గింజలో ఇంకొక నూనె. గుజ్జు నూనెలో పామిటిక్ 44 శాతం, ఓలియిక్ 39. గింజ నూనెలో దాదాపు సగం లారిక్, అంటే కొబ్బరినూనె చుట్టం! గుజ్జు నూనె వంటింటికి, గింజ నూనె సబ్బులకు, మిఠాయిలకు. మన తాటిచెట్టుకు ఇది తోబుట్టువే కానీ తాటిపండులో కొవ్వు దాదాపు సున్నా. అయితే ఆయిల్‌పామ్‌కు ఒక తిరకాసు ఉంది. గెల కోశాక 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి. ఆలస్యమైతే పండులోని ఎంజైము కొవ్వును విరగ్గొట్టి నూనెను చెడగొడుతుంది. అందుకే ఆ రైతు ఎప్పుడూ ఫ్యాక్టరీ చుట్టూ తిరగాల్సిందే. నీళ్లూ బాగా కావాలి.

ఇప్ప అలా కాదు. ఎవరూ నీళ్లు పెట్టక్కర్లేదు, ఎరువు వెయ్యక్కర్లేదు. ఎండిన గింజ కొన్నాళ్లు ఆగుతుంది. కాకపోతే ఎకరానికి ఇన్ని టన్నులని ఇప్పను ఎవరూ పెంచలేరు. కాపుకొచ్చేసరికి పదేళ్లు పడుతుంది. కాబట్టి దేశం నూనె లోటును ఇప్ప తీరుస్తుందనడం అత్యాశే. అడవి ఊళ్ల నూనె లోటును మాత్రం అది ఎన్నో తరాలు తీర్చింది.

చెట్టు కింద మొలక లేదు

బయల్దేరే ముందు ఆ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూశాం. ఎక్కడా ఒక్క ఇప్ప మొలక లేదు. 'పిల్ల చెట్లేవి అవ్వా?' అంటే 'మొలవనిస్తే గదా' అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పువ్వు ఏరడం సులువవుతుందని మార్చిలో చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. ఆ మంటకు మొలకలన్నీ మాడిపోతాయి. జూన్‌లో గింజలు ఒక్కటి మిగలకుండా ఏరేస్తారు. పైగా ఇప్పగింజకు మొలకెత్తే శక్తి కొద్ది వారాలే. నిండా కొవ్వున్న గింజ దాచిపెట్టి విత్తుదామంటే కుదరదు, రాలిన వానాకాలంలోనే నాటాలి. అందుకే మన అడవుల్లో, చేలగట్ల మీద నిలిచిన ఇప్పచెట్లు ఎక్కువగా ముసలివే. తాతలు వదిలేసిన చెట్ల మీద మనవలు బతుకుతున్నారు. మరి మనవల మనవలకు?

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలి లాంటి పెనుగాలి వీచింది. కొద్దిసేపట్లోనే 50 వేలకు పైగా చెట్లు నేలకొరిగాయని అధికారులు తొలి అంచనా వేశారు. నూరేళ్ల మానులు వేళ్లతో సహా పడిపోయిన చోట ఇప్పటికీ అడవి మధ్య ఖాళీలు కనిపిస్తాయి. గాలి పడగొట్టింది ఒక్కరోజులో. మళ్లీ కాపుకొచ్చే చెట్టుకు పదేళ్లు.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. ఇప్పపువ్వు, గింజ లాంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కు అక్కడి గిరిజనులదేనని ఆ చట్టం చెబుతుంది. హక్కు కాగితం మీదుంది. చెట్టు చేను గట్టు మీదుంది. రెండూ నిలవాలంటే చెట్టు కింద నాలుగు మొలకలు కూడా ఉండాలి కదా!

బస్సు వేళవుతోందని లేచాం. అవ్వ బుట్టలోంచి దోసెడు పండ్లు తీసి కొంగులో పొయ్యమన్నట్టు చెయ్యి చాపింది. డబ్బులివ్వబోతే వద్దంది. 'తినుండ్రి. గింజలు మాత్రం పారెయ్యకుండ్రి, యాడన్న పాతుండ్రి' అంది. పక్కనే ఆ పాప రెండు గింజలు తీసుకెళ్లి, మంట తగలని చోటు చూసి, గట్టు అవతల కాలి మడమతో మట్టిలోకి నొక్కింది. ఆ తర్వాత మా వైపు తిరిగి నవ్వింది.

హన్మకొండలో దిగేసరికి రాత్రి తొమ్మిదైంది. చేతిసంచిలో ఇప్పపండ్లు మెత్తబడి సపోటా వాసన వేస్తున్నాయి. ఇంట్లో పెరడు లేదు. అయినా రెండు పెద్ద కుండీల్లో గింజలు పెట్టాం. మొలకెత్తాక వాటిని ఏ చెరువుగట్టుకో చేర్చాలి. నీడకే అయినా, పదేళ్ల తర్వాత ఎవరికో కాసినా, పండులో కొవ్వుందని నమ్మనివాళ్లకు చూపించడానికైనా పనికొస్తుంది.

ఇలా వెళ్లొచ్చు

హన్మకొండ బస్టాండు నుంచి ములుగు, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారానికి ఆర్టీసీ బస్సులున్నాయి. ములుగు దాదాపు 50 కిలోమీటర్లు. అక్కణ్నుంచి తాడ్వాయి మరో 40 దాకా ఉంటుంది. తాడ్వాయి నుంచి మేడారం సుమారు 14 కిలోమీటర్లు. ఇప్పపువ్వు చూడాలంటే మార్చి, ఏప్రిల్. మొర్రి పండ్లకు ఏప్రిల్, మే. ఇప్పకాయకు జూన్, జులై. పొద్దున్నే బయల్దేరితే దారిలో రామప్ప గుడి, లక్నవరం చెరువు చూసుకుని సాయంత్రానికి వెనక్కి రావచ్చు. ఏటూరునాగారం అభయారణ్యం లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. చేలగట్ల మీది చెట్లకు హక్కుదారులుంటారు. అడగకుండా పువ్వు, కాయ ఏరకండి. అడిగితే కాదనరు!